గుండెజబ్బు – కుంగుబాటు: పరస్పర సంబంధం

ఉపోద్ఘాతం:
‘గుండె జారిపోయింది’, ‘గుండె దిటవు చేసుకో’ వంటి తెలుగు పలుకుబళ్లలో గుండె మనసుకు మారుపేరు. వైద్యంలో మాత్రం ఈ రెండూ వేర్వేరు విభాగాల పరిధిలోకి వస్తాయి. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు కనిపిస్తుంది. ‘ప్రాణాపాయం తప్పించుకున్నవారికి దిగులు సహజమే’ అనే భావన వల్ల అది తరచుగా గుర్తింపునకు నోచుకోదు. ఈ ఉపేక్ష ఎందుకు ప్రమాదకరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశోధనల సాక్ష్యం:
కెనడాలోని మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మందిని పరిశీలించి, నాన్సీ ఫ్రేజర్-స్మిత్ బృందం 1993లో ఫలితాలను ప్రచురించింది. గుండె దెబ్బతిన్న తీవ్రతను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, కుంగుబాటు ఉన్నవారికి ఆరు నెలల్లోపు మరణించే ప్రమాదం ఇతరులకంటే సుమారు నాలుగు రెట్లు అధికమని తేలింది. అనంతర అధ్యయనాల్లో ఈ నిష్పత్తి తగ్గినా సంబంధం నిలిచింది. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణుల బృందం, గుండెపోటు తరువాతి కుంగుబాటును ముప్పు కారకంగా గుర్తించాలని సిఫార్సు చేసింది.

కారణాలు:
కుంగుబాటులో కార్టిసాల్ స్రావం, సహానుభూత నాడీవ్యవస్థ ఉద్రేకం పెరగవచ్చు. హృదయస్పందనల సహజ వైవిధ్యం తగ్గడం, రక్తఫలకికలు సులభంగా గుమిగూడడం, శరీరంలో వాపు సూచకాలు హెచ్చడం కూడా గమనించారు. వీటికి ప్రవర్తన తోడవుతుంది. కుంగుబాటు ఉన్నవారు మందులు క్రమంగా వేసుకోలేరు; నడకకు, వ్యాయామానికి దూరమవుతారు; పొగతాగడం మానలేకపోతారు. బయటివారికి ఇది నిర్లక్ష్యంగా తోచినా, వ్యాధి లక్షణమే.

చికిత్స – పరిమితులు:
గుండెజబ్బు ఉన్న 369 మందిపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో సెర్ట్రలిన్ మందు గుండెకు సురక్షితమని తేలింది. పాతతరం ట్రైసైక్లిక్ మందులు గుండె లయను దెబ్బతీయగలవు కనుక, వైద్యుల సలహా లేకుండా ఏ మందూ వాడరాదు. 2,481 మంది పాల్గొన్న మరొక అధ్యయనంలో (2003) మానసిక చికిత్స వల్ల కుంగుబాటు తగ్గింది; అయితే మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు తగ్గలేదు. ఆయుష్షును పెంచుతుందని హామీ ఇవ్వలేకపోయినా, బాధను తగ్గించే చికిత్సను నిరాకరించడానికి అది కారణం కాజాలదు.

ముగింపు:
అలసట, నిద్రలేమి, ఆకలి మందగించడం రెండు వ్యాధుల్లోనూ ఉంటాయి. అందువల్ల అడిగి తెలుసుకోవడమే మార్గం. గత రెండు వారాల్లో దిగులు, నిరాశ తరచుగా కలిగాయా? చేసే పనుల్లో ఆసక్తి, ఆనందం తగ్గాయా? ఈ రెండు ప్రశ్నలతో ప్రాథమిక పరీక్ష మొదలవుతుంది. ‘గుండె దిటవు చేసుకో’ అన్న ఆత్మీయుల మాటకు విలువ ఉంది. అయితే ఆ దిటవును హరించిన వ్యాధికి వైద్యం కూడా అవసరం.