తుపాకికి గ్రీజు, జాడీకి నూనె

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు కిందటేడు పాత ఎం1 గారండ్ రైఫిల్ కొన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుడి చేతిలో ఉన్నది అదే. 1936లో సైన్యం దాన్ని తీసుకుంది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పనిచేసిన జాన్ గారండ్ రూపకల్పన అది. మావాడు ఫోన్ చేసి, "మామయ్యా, కారు చక్రాలకు వేసే గ్రీజు బాగా దట్టించి బీరువాలో పెట్టేశాను. ఇంక దిగుల్లేదు" అన్నాడు. నాకు దిగులు అప్పుడే మొదలైంది. గ్రీజు ఎంత ఎక్కువైతే ఇనుము అంత భద్రమని చాలామంది అనగా విన్నాను. అది తప్పు.

ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. ముక్క మునిగేలా పైన నూనె తేలాలంటారు పెద్దవాళ్ళు. ఆ నూనె గాలిని ముక్క దాకా పోనివ్వదు. ఇనుము మీద గ్రీజు చేసే పని కూడా అంతే. అయితే తడి ఆరని మామిడిముక్కలు జాడీలో వేసి, పైన ఎంత నూనె పోస్తే మాత్రం బూజు ఆగుతుందా? చెమట, తేమ, ఉప్పు అంటి ఉన్న తుపాకికి గ్రీజు పూయడమంటే దొంగను ఇంట్లో పెట్టి తాళం వేయడమే.

ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారేమో. ఆనాటి సైనిక తూటాల అడుగున నిప్పు రాజేసే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండితే పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. మన వంటుప్పుకు తోబుట్టువు లాంటిది. గాలిలోని తేమను పీల్చుకుని గొట్టాన్ని లోపలినుంచి తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. అందుకే లీ-ఎన్‌ఫీల్డ్ వాడిన బ్రిటిష్ సైనికులు కాల్పులయ్యాక గొట్టంలో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. మన పోలీసుల భుజాన దశాబ్దాల పాటు కనిపించిన త్రీనాట్‌త్రీ అదే. నీళ్ళ వేడికి గొట్టం త్వరగా ఆరేది. నూనె గుడ్డ ఆ తర్వాతే. తుపాకిలో నీళ్ళేమిటని కంగారుపడేవాళ్ళు ముందు ఈ సంగతి గ్రహించాలి.

దసరా ఆయుధపూజ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పూజ చెయ్యండి, కాదనను. కానీ ఇనుముకు పెట్టిన పసుపు కుంకుమలు తుడిస్తే అరిష్టమని నెలల తరబడి అలాగే వదిలేస్తారు కొందరు. తడిసిన పొడి తేమను పట్టి ఉంచుతుంది, నిమ్మరసంలో ఆమ్లం ఉంది, కొబ్బరినీళ్ళలో లవణాలున్నాయి. బొట్టు పెట్టినచోటే తుప్పు గుండ్రంగా లేస్తుంది. అరిష్టం అదీ. పూజ అయిన రోజే తుడిచి, ఆరబెట్టి, నూనె పూయాలి.

అయితే ఏ గ్రీజు? దాచిపెట్టడానికి పూసేది వేరు, వాడుకలో ఉన్నప్పుడు పూసేది వేరు. దాచడానికి అమెరికా సైన్యం వాడింది కాస్మోలిన్. పెట్రోలియం జెల్లీకి ముదురు గోధుమరంగు దాయాది. ఏళ్ళు గడిచేకొద్దీ అది మైనంలా గట్టిపడుతుంది. దాన్ని చూసి తుప్పనుకుని ఇసుక కాగితంతో గీకి, పాత పూతను పాడుచేసుకున్నవాళ్ళున్నారు. గీకొద్దు. సుమారు 50 డిగ్రీల వేడికి అది కరుగుతుంది. నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎండలో పెడితే కారిపోతుంది. మిగిలిన జిడ్డు ఆరుబయట, నిప్పుకు దూరంగా, కిరసనాయిలు గుడ్డతో పోతుంది. పెట్రోలు జోలికి మాత్రం పోవద్దు.

కదిలే భాగాలకు కావలసింది వేరే. గారండ్ పైభాగం తెరిచి ఉంటుంది, వాన నేరుగా లోపల పడుతుంది. నూనె కొట్టుకుపోయి, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు బిగుసుకుపోయే ఇబ్బంది చూసి, సైన్యం లూబ్రిప్లేట్ అనే గ్రీజు ఇచ్చింది. చిన్న డబ్బీలో నింపి, రైఫిల్ వెనక చెక్కలోని తొర్రలో పెట్టుకునేవాళ్ళు.

వానకు అది ఎందుకు నిలుస్తుంది? మళ్ళీ జాడీ దగ్గరికే వద్దాం. ఆవపిండి నూనెను పట్టి ఉంచుతుంది. అందుకే అది ముక్కను అంటిపెట్టుకుని ఉంటుంది, గరిటెతో నొక్కితే నూనె ఊరుతుంది. గ్రీజులో ఆవపిండి స్థానం సబ్బుది. సబ్బు పోగుల మధ్య నూనె చిక్కుకుని ఉంటుంది, ఒరిపిడి తగిలినచోట ఊరుతుంది. ఇప్పుడు బోరునీళ్ళతో స్నానం తలచుకోండి. నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్ళలోని కాల్షియంతో సబ్బు కలిసి పుట్టిన తెట్టు అది. ఎన్ని నీళ్ళు పోసినా కరగదు. బాత్రూంలో విసిగించే ఆ గుణమే తుపాకికి వరం. లూబ్రిప్లేట్ 130-ఎ లోపలి సబ్బు ఆ కాల్షియం జాతిదే. అదే సోడియం సబ్బుతో చేసిన గ్రీజైతే తడికి పాలలా పలచబడి జారిపోతుంది.

ఉపమానం ఒక్కచోట మాత్రం పనికిరాదు. నువ్వులనూనె, కొబ్బరినూనె ఇనుముకు పూయకూడదు. పాతబడితే వాటిలో ఆమ్లం పుడుతుంది, జిగురు కడుతుంది.

పూత సంగతి. తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. బోల్టు కొమ్ములు, అవి తిరిగే గాడి, బోల్టును ముందుకూ వెనక్కూ కదిపే ఆపరేటింగ్ రాడ్ జారే దారి, ఆ రాడ్ గొట్టం అడుగున ఒరుసుకునే చోటు, ఇవి చాలు. వేలికొసన కుంకుమబొట్టంత తీసుకుని, లోహం మెరిసేంత పలచగా రాయాలి. ఎక్కువైతే దుమ్ము పట్టి సాన పట్టే ముద్దలా తయారవుతుంది, ఇనుమును అరగదీస్తుంది. గ్యాస్ సిలిండర్, పిస్టన్ పొడిగానే ఉండాలి. తూటా కూర్చునే ఛాంబర్లో కాల్చేటప్పుడు గ్రీజు ఉండనే కూడదు. ఇత్తడి తొడుగు గోడను పట్టుకోలేక, విసురంతా బోల్టు మీద పడుతుంది.

మావాడి చేత చక్రాల గ్రీజంతా తీయించాను. దాచే రైఫిల్ గనక, దాచడానికి పూసే గ్రీజు గొట్టం లోపల కూడా సన్నగా పూయించాను. బీరువాలో రైఫిల్‌ను ఫోమ్ సంచిలో పెట్టాడట, అందులోంచి కూడా తీయించాను, ఎందుకంటే ఆ సంచి తేమను పట్టి ఉంచుతుంది. చివరగా ట్రిగ్గర్ దగ్గర దారంతో అట్టముక్క ఒకటి కట్టించాను: "గొట్టంలో గ్రీజు ఉంది. తుడవకుండా కాల్చవద్దు."