ఆఖరి వరసకు మాట చేరాలంటే

మా లెక్కల మాస్టారి పదవీ విరమణ సభ కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నేలంతా గ్రానైట్, నున్నటి గోడలు, ఒక పక్కంతా అద్దాలు. వేదికకు రెండు వైపులా మనిషెత్తు బాక్సులు. ఏ మైకూ లేకుండా ముప్ఫై ఏళ్లు క్లాసు చివరి బెంచీ దాకా పాఠం వినిపించిన గొంతు ఆయనది. ఆ సాయంత్రం ఆయన పది నిమిషాలు మాట్లాడితే వెనక వరసల్లో ఉన్న మాకు ఒక్క వాక్యం అందలేదు. ఎవరో చెయ్యెత్తి "వినపడటం లేదు" అన్నారు. మైక్‌సెట్టు అబ్బాయి సౌండు పెంచాడు. హోరు పెరిగింది. మాట అలాగే ముద్దగా ఉండిపోయింది. ఆ పది నిమిషాలు మాకు మళ్లీ దొరకవు. ఆ బాధే నాతో ఇది రాయిస్తోంది.

సౌండు పెంచినా మాట ఎందుకు తెలియలేదు? మన భాష నుంచే మొదలుపెడదాం. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అచ్చులకు బలం ఎక్కువ, సాగే గుణం ఎక్కువ. హల్లు రెప్పపాటులో పుట్టి పోతుంది. 'పాట', 'బాట', 'మాట'లను వేరు చేసేది ఆ చిన్న హల్లే. గదిలో ధ్వని త్వరగా అణగకపోతే, ముందు మాట చివరి అచ్చు ఇంకా గోడల మధ్య తిరుగుతుండగానే తర్వాతి మాట మొదటి హల్లు వచ్చి దాని కింద నలిగిపోతుంది. ఇలా గదిలో ధ్వని నిలిచిపోవడాన్ని ప్రతినాదం అంటారు. మూలం ఆగిపోయాక ధ్వని 60 డెసిబెల్లు తగ్గడానికి, అంటే దాని శక్తి పదిలక్షల్లో ఒక వంతుకు చేరడానికి పట్టే కాలమే దాని కొలత.

ఈ కొలతకు లెక్క కట్టినవాడు వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారి ఫాగ్ మ్యూజియంలో కొత్త ఉపన్యాస మందిరం ఎవరికీ పాఠం వినపడక పనికిరాకుండా పోయింది. అక్కడ ఒక ధ్వని పూర్తిగా అణగడానికి ఐదున్నర సెకన్లు పట్టేది. బాగుచేసే పని భౌతిక శాస్త్ర బోధకుడైన సాబిన్ మీద పడింది. ఆయన రాత్రిళ్లు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, కొద్దికొద్దిగా గదిలో పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది ధ్వని ఎప్పుడు ఆగిపోతుందో కొలిచేవాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్లీ థియేటర్‌కు చేరాలి. తను తొడుక్కున్న బట్టలు కూడా ధ్వనిని పీలుస్తున్నాయని తెలిశాక, ప్రతి కొలతకూ అవే బట్టలు వేసుకున్నాడు. ఆ ఓపికంటే నాకెంతో గౌరవం. ఆ రాత్రుల నుంచి పుట్టిన సూత్రం చాలా చిన్నది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో ఉన్న మొత్తం శోషణంతో, అంటే ధ్వనిని పీల్చుకునే శక్తితో, భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. శోషణానికి కొలమానం తెరిచిన కిటికీ. అందులోంచి పోయిన ధ్వని తిరిగి రాదు కదా.

ఇప్పుడు మన హాలు లెక్క వేద్దాం. పొడవు 30 మీటర్లు, వెడల్పు 18, ఎత్తు 7 అనుకోండి. ఘనపరిమాణం 3,780 ఘనపు మీటర్లు. నేల, గోడలు, పైకప్పు కలిపి సుమారు 1,750 చదరపు మీటర్లు. గ్రానైట్, సిమెంటు, అద్దం తమను తాకిన ధ్వనిలో సగటున 5 శాతం పీల్చుకుంటాయనుకుందాం. అంటే 88 చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానం. ప్రతినాద కాలం దాదాపు 7 సెకన్లు! కూర్చున్న మనిషి ఒక్కొక్కరు దాదాపు 0.45 చదరపు మీటర్ల కిటికీ పని చేస్తారు. వంద మంది వస్తే అది నాలుగున్నర సెకన్లకు, నాలుగు వందల మంది వస్తే రెండుంబావుకు దిగుతుంది. పెళ్లినాడు కాస్త నయంగా వినపడే హాలు చిన్న సభనాడు మొండికేయడానికి కారణం ఇదే. ఇంత హాల్లో మాట తేటగా వినపడాలంటే సెకను, మహా అయితే సెకనున్నర ఉండాలి.

అదే హాలు పైకప్పుకు మినరల్ ఫైబర్ పలకలు బిగించి, అవి 60 శాతం పీల్చుకుంటాయనుకుంటే, మనిషి లేకపోయినా ప్రతినాదం 1.6 సెకన్లకు పడిపోతుంది. ఆరొందల మందికి పైగా ప్రేక్షకులను శాశ్వతంగా పైకప్పుకు కూర్చోబెట్టినట్టే! అయితే అందం కోసం వేసే నున్నటి జిప్సం సీలింగు ఈ పని చేయదు, రంధ్రాలున్న పలక వేసి వెనక దూది లాంటి ఖనిజ ఉన్ని పరవాలి. థర్మోకోల్ పనికిరాదు. గుడ్ల అట్టలు అంతకంటే పెద్దగా ఒరగబెట్టవు.

ఇక వాట్ల సంగతి. కొటేషన్లో మొదట కనపడేది, కమిటీవాళ్లు మొదట అడిగేది ఆ అంకే. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 90 డెసిబెల్లు ఇచ్చే బాక్సు తీసుకోండి. దానికి వంద వాట్లిస్తే 110. దూరం రెట్టింపైనప్పుడల్లా నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెల్లు తగ్గుతుంది కాబట్టి 30 మీటర్ల దగ్గర 80 మిగులుతుంది. మామూలు సంభాషణ మీటరు దూరంలో 60. ఒక్క బాక్సు, వంద వాట్లు ఆఖరి వరసకు సరిపోయాయి! వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు కావాలి.

కానీ ఆ 80 డెసిబెల్ల ధ్వని ఆఖరి వరసకు ఒంటరిగా రాదు. గోడల మీంచి వచ్చినది హాలంతా దాదాపు ఒకే స్థాయిలో నిండి ఉంటుంది. వంద మంది ఉన్న మన హాల్లో, మామూలు బాక్సుకు నాలుగు మీటర్లు దాటితే చాలు, నేరుగా వచ్చే ధ్వనిని గోడల ధ్వని మించిపోతుంది. సౌండు పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతని చేతిలో ఉన్న మీట ఆ రెంటినీ విడదీయలేదు.

విడదీయాలంటే బాక్సును మనిషి దగ్గరకు తేవాలి. వేదిక దగ్గర రెండు పెద్దవాటికి బదులు, పొడవునా చిన్నవి, నిలువు వరసలో స్పీకర్లున్న సన్నటి కాలమ్ బాక్సులు పెడితే ధ్వని పైకప్పుకు ఎక్కకుండా జనం మీదికే పోతుంది. ఇక్కడొక చిక్కుంది. వేడి రోజుల్లో ధ్వని సెకనుకు 350 మీటర్లు పోతుంది, కరెంటు తీగలో సంకేతం క్షణంలో చేరుతుంది. 15 మీటర్ల దగ్గరున్న బాక్సు వేదిక కంటే 43 మిల్లీసెకన్లు ముందే పలికేస్తుంది. అందుకని దాన్ని అంతసేపు ఆపి, పైన మరో 10, 15 మిల్లీసెకన్లు కలపాలి. 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్ చూపించినట్టు, చెవి ముందు చేరిన ధ్వని దిక్కునే నమ్ముతుంది, వెనకొచ్చినది కాస్త గట్టిగా ఉన్నా సరే. దాంతో పక్కనున్న బాక్సు బలం అందుతుంది, మాట మాత్రం మాస్టారి నోటినుంచే వస్తున్నట్టుంటుంది.

ఇక మైకుల సంగతి. మైకును నోటికి సగం దూరానికి తెస్తే 6 డెసిబెల్లు ఉచితం. తెరిచి ఉంచిన మైకులు రెట్టింపైతే, కీచుమని కూత పెట్టకుండా పెంచగలిగే సౌండు 3 డెసిబెల్లు తగ్గుతుంది. ఆరు నాసిరకం మైకులకంటే రెండు మంచివి మేలు.

నా చేతికే బడ్జెట్ ఇస్తే సగం పైకప్పుకు, గోడలకు పెడతాను. హాలు కడుతుండగానే గోడల్లో తీగల గొట్టాలు వేయిస్తాను, తర్వాత గోడ పగలగొడితే ఖర్చు, వికారం. ఆపైన కాలమ్ బాక్సులు, జాప్యం కలిపే యంత్రం, మంచి ఎర్తింగు, ఆ తర్వాతే ఆంప్లిఫయర్. ఏడాదికి రెండుసార్లు డీజే కోసం కావలసిన బాస్ బాక్సులు అద్దెకు తెచ్చుకోవచ్చు. కొనే డబ్బు రోజూ జరిగే పనికి పెట్టాలి. హాలు చూసుకునే మనిషికి మీటలు తిప్పడం నేర్పడానికయ్యే ఖర్చు కూడా ఈ లెక్కలోనే రాసుకోవాలి.

బిల్లు చెల్లించే ముందు ఒక పరీక్ష. ఫ్యాన్లన్నీ తిప్పండి. ఒకరు మైకు ముందు నిలబడి, సంబంధం లేని వంద మాటలు, 'కల', 'వల', 'తల', 'గడి', 'బడి' లాంటివి, కలగాపులగంగా చదవాలి. ఆఖరి వరసలో నలుగురు, వీలైతే అందులో అరవై దాటినవారు ఇద్దరు, విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి. తర్వాత ఆ కాగితాలు బాక్సులు అమ్మినాయన ముందు పెట్టి దిద్దండి.