రెండు మందులు కలిస్తే బలమా, విరోధమా?

“పిప్పలి చూర్ణంతో కలిపి తీసుకొంటే యాంటీబయాటిక్ మందు బాగా పనిచేస్తుందట గదా!” అని పలువురు నన్ను అడుగుతుంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే, మందుల కలయికను ప్రయోగశాలలో ఏ విధంగా పరీక్షిస్తారో ముందుగా తెలుసుకోవలసి ఉన్నది.

మందులకు లొంగని బాక్టీరియాపై రెండు మందులను జంటగా ప్రయోగించి చూచే విధానాలలో ‘చదరంగపు బల్ల’ పద్ధతి ప్రసిద్ధమైనది. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలకలో 8 వరుసలు, వరుసకు 12 చొప్పున 96 చిన్న గుంటలు ఉంటాయి. ఒక మందును అడ్డంగా, రెండవదానిని నిలువుగా, గుంటగుంటకూ సగానికి సగం తగ్గిస్తూ నింపుతారు. పోషక ద్రవంలో కలిపిన బాక్టీరియాను ఆ గుంటలలో చేర్చి, సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో రాత్రంతా ఉంచుతారు. మరునాడు ద్రవం మసకబారితే బాక్టీరియా పెరిగినట్లు. తేటగా ఉంటే పెరుగుదల ఆగినట్లు.

ఇక లెక్క. మొదటి మందు ఒంటరిగా మిల్లీలీటరుకు 16 మైక్రోగ్రాములు ఉంటేగాని పనిచేయలేదనీ, జంటలో 2 చాలిందనీ అనుకొందాము. అది ఎనిమిదవ వంతు. రెండవది 8కి బదులు 2తో సరిపోతే నాలుగవ వంతు. రెండు భిన్నాలనూ కూడితే 0.375. ఈ మొత్తం 0.5కు మించకపోతే మందులు పరస్పరం సహకరించినట్లు, 4 దాటితే విరోధించినట్లు పరిగణిస్తారు.

విరోధమంటే కేవలం అంకెల మాట కాదు. న్యూమోకాకస్ వలన మెదడు పొరలు వాచిన రోగులను గురించి 1951లో అమెరికా వైద్యులు ఒక సంగతి ప్రకటించారు. పెన్సిలిన్ ఒక్కటే తీసుకొన్నవారికంటె, దానితోపాటు క్లోర్‌టెట్రాసైక్లిన్ కూడ తీసుకొన్నవారిలో మరణాలు చాలా ఎక్కువ! పెన్సిలిన్ పెరుగుతున్న బాక్టీరియాను, దాని గోడ కట్టుబడిని చెడగొట్టి చంపుతుంది. రెండవ మందు ఆ పెరుగుదలనే ఆపివేస్తుంది. ఇక పెన్సిలిన్‌కు పని ఎక్కడిది?

పిప్పలిలోను, మిరియాలలోను ఉండే పైపరిన్ అనే పదార్థాన్ని జమ్ము శాస్త్రవేత్తలు సిప్రోఫ్లాక్సాసిన్‌తో జతచేసి, స్టెఫిలోకాకస్ ఆరియస్‌పై పరీక్షించి 2006లో ఫలితాలు వెల్లడించారు. ఈ బాక్టీరియా తనలోనికి చొరబడిన మందును పంపులవంటి ఏర్పాటుతో బయటికి తోడివేస్తుంది. పైపరిన్ దానికి అడ్డుపడటంతో తక్కువ మందే సరిపోయింది. 2009లో మన దేశంలో క్షయకు పైపరిన్ చేర్చిన మందు కూడ విడుదలైనది. అందులో రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, పైపరిన్ 10 మిల్లీగ్రాములు. ఇక్కడ పైపరిన్ చేసే పని వేరు. మందు రక్తంలోనికి ఎక్కువగా చేరేటట్లు చూస్తుంది.

చరకుడు విమానస్థానంలో పిప్పలిని యోగవాహి అన్నాడు. క్షారం, లవణాలతోపాటు దానిని అతిగా సేవించరాదని అన్నదీ అక్కడే. చారులో వేసుకొనే మిరియాలకు భయపడనక్కరలేదు. కాని పైపరిన్ వలన ఫెనిటోయిన్, ప్రొప్రనలాల్, థియోఫిలిన్ వంటి మందులు రక్తంలో పెరుగుతాయని తేలింది. కనుక మూర్ఛకు, ఉబ్బసానికి, రక్తపోటుకు నిత్యం మందులు వాడేవారు త్రికటు చూర్ణం మొదలుపెట్టేముందు ఆ సంగతి తమ వైద్యునికి తప్పక చెప్పాలి.