తాళాలతో పాటు ఇంకేం అప్పగించాలి?

పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పెళ్లికి డ్రోన్ ఎగరేసేవాడు కావాలంటే ఒక్క ఫోన్‌తో దొరుకుతాడు. మనం ఊళ్లో లేని రోజుల్లో ఇంట్లో ఉండి కుక్కను చూసుకునే మనిషి కావాలంటే మాత్రం పిన్నిగారి అబ్బాయినో, పై వాటాలో అద్దెకున్నవాళ్లనో బతిమాలుకోవాలి. హైదరాబాద్‌లో పెట్ సిట్టర్ అంటే ఒక ఉద్యోగం. అతనికి రేటుంటుంది, రాకముందే అడిగే ప్రశ్నలుంటాయి. ఇక్కడ వచ్చేది బంధువు కాబట్టి రేటు చెప్పడు, ప్రశ్నలు అడగడు. మనమూ చెప్పం. ఇలాంటి ఏర్పాట్లు చెడిపోయేది చాలావరకు ఈ మొహమాటం దగ్గరే.

అవసరం మాత్రం ఏటేటా పెరుగుతోంది. కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయని అమెరికా విమానం ఎక్కే పెద్దవాళ్లు ఈ ప్రాంతంలో వీధికొకరున్నారు. విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. పురుడు, బారసాల, కుదిరితే అన్నప్రాశన కూడా అందులోనే సర్దుకుని వస్తారు. తాళం వేసిన ఇంటికి పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని కెమెరా పెట్టి కాపలా కాసే ఏర్పాటు ఉంది. లోపల ఏది కదిలినా అది స్టేషన్‌కు కబురు పంపుతుంది కాబట్టి, తోక ఊపే ప్రాణి ఉన్న ఇంటికి అది పనికిరాదు.

వెంట తీసుకెళ్తే సరిపోదా అని పిల్లలు ఫోన్‌లో అడుగుతారు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2024 ఆగస్టు 1 నుంచి కుక్కల నిబంధనలు బిగించింది. కుక్కకు ఆరు నెలలు నిండి ఉండాలి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం కనుక ఇక్కడ వేయించిన టీకా ఒక్కటే చాలదు. రక్తపరీక్ష నివేదిక చూపాలి, లేదంటే 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచాలి. దిగే విమానాశ్రయం కూడా వాళ్లు చెప్పిందే అయ్యుండాలి. ఆవకాయ జాడీకే బరువు చాలడం లేదని లెక్కలేసుకునేవాళ్లకు ఇది అయ్యే పని కాదు. పెద్ద ఊళ్లలో బోర్డింగులున్నాయి. వయసులో ఉండి, గొలుసు తెంపుకునే బలమున్న కుక్కకు అవే మేలు. అరవై ఏళ్ల బాబాయి దాన్ని ఆపలేడు. వయసు మళ్లిన కుక్కకు, పిల్లులకు మాత్రం సొంత ఇల్లే నయం, మనిషినే తెచ్చి ఇంట్లో పెట్టాలి.

ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి. ఈ వైపు గేదెను ఇంకొకరికి అప్పగించి ఊరెళ్లడం కొత్త కాదు. గేదె తన జీతం తనే ఇచ్చుకుంటుంది. ఉదయం సాయంత్రం పాలు, పైన పేడ. పాలకేంద్రంలో పోసుకున్నవాడికి నష్టం లేదు, అప్పగించినవాడికి మొహమాటం లేదు. కుక్క దగ్గర ఆ వెసులుబాటు లేదు. అది తింటుంది, మొరుగుతుంది, తెల్లారకముందే తలుపు గీకుతుంది. అందుకని నెలకింతని ముందే అనుకుని, తిండికీ మందులకీ అయ్యే డబ్బు వేరే కవరులో పెట్టడం మర్యాద. ‘మనలో మనకు డబ్బులేంటి బాబాయ్’ అని కుర్రాడు అంటాడు. అననివ్వండి, ఇచ్చేయండి. తీసుకున్నవాడు ఏదైనా తేడా వస్తే అడగగలడు. ఊరికే చేస్తున్నవాడు మూడో వారం నుంచి రాత్రిపూట తన ఇంటికి వెళ్లి పడుకుంటాడు, మనకు తెలియదు.

మనిషి కుదిరాక కనీసం ఒక రాత్రయినా మీరు లేకుండా అతన్ని ఆ ఇంట్లో ఉంచి చూడాలి. అంతకుముందు కొన్ని పూటలు మీ ఎదుటే అతని చేత అన్నం పెట్టించి, సాయంత్రం గొలుసు అతని చేతికిచ్చి పంపాలి. కుక్కలున్న ఇళ్లలో గేటు దగ్గర వినిపించే మాట ఒకటుంది: ‘రండి రండి, ఏమీ అనదు.’ యజమాని ఇంట్లో ఉన్నంతసేపూ ఆ మాట నిజమే. యజమాని లేని ఇంట్లోకి రాత్రి తొమ్మిదింటికి గేటు తీసుకుని వచ్చేవాడి విషయంలో దాని అభిప్రాయం వేరుగా ఉండొచ్చు. అది ముందు తెలియడం మంచిది.

టీకా కార్డు బయటికి తీసి తేదీలు చూసుకోవాల్సింది కూడా అప్పుడే. 1885 జులై 6న పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ గుర్తుగా ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) జరుపుతారు, మన పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తుంటారు. ప్రయాణం ఆ తర్వాతైతే వాడుకోండి. కార్డు జిరాక్సు సిట్టర్ దగ్గర ఉండాలి. కుక్క పన్ను గీసుకున్నా సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలని అతనికి గట్టిగా చెప్పాలి. ఇంటి కుక్కేగా అని ఊరుకునే పని కాదు.

ఇక నోటుపుస్తకం. ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టి వెళ్లేవాళ్లున్నారు. అవసరమైన వేళ వాటిల్లో ఏది ఎక్కడుందో దొరకదు. తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద పెట్టండి. రాయడం మొదలుపెడితే మీకు తెలిసింది ఎంతుందో, అందులో ఎంత చెప్పకుండానే వెళ్లబోయారో తెలుస్తుంది. ‘రెండు పూటలా పెరుగన్నం’ అని రాస్తే చాలదు. ఏ గిన్నె? ఎన్ని గరిటెలు? అన్నం మెత్తగా పిసికి పెట్టాలా? ఉప్పు వేయొచ్చా? గిన్నె వరండాలో పెడితే తింటుందా, వంటింటి గడప పక్కన పెడితేనే తింటుందా? ఒక పూట తినకపోతే మామూలా, భయపడాలా? మాత్ర బెల్లంలో పెట్టి ఇస్తున్నారా? పిడుదులు చెవి లోపలి మడతలో, వేళ్ల మధ్య పడతాయని, వారానికోసారి వెతకాలని అతనికి ఎవరు చెప్పాలి? ఈ వాతావరణంలో పిడుదుల జ్వరం తరచుగా వచ్చేదే. రెండు రోజులు నీరసంగా పడుకుని చిగుళ్లు పాలిపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంటి దిగులని సరిపెట్టుకోకూడదు.

పెట్టకూడనివి కూడా రాయాలి, ఎందుకంటే మనవాళ్లు ప్రేమతో పెడతారు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. మసాలా గారె ముక్క కూడా అందులోకే వస్తుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాల మీద పడతాయి. పండగపూట పాయసం గిన్నె అడుగు దాని ముందు పెట్టేవాళ్లకు అది తెలియదు. ఆదివారం కోడికూరలో ఉడికిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. చాక్లెట్ వద్దు. మనిషి జ్వరం మాత్ర అసలే వద్దు. పారాసెటమాల్ ఒక్క బిళ్లతో పిల్లి చచ్చిపోగలదు.

పిల్లి ఉంటే ఫినాయిల్ సీసా కూడా ఎత్తి పెట్టాలి. నీళ్లలో వేస్తే తెల్లగా విరిగే ఆ ఘాటు మందును తట్టుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు. సిట్టర్ వస్తున్నాడని పనిమనిషి చేత ఇల్లంతా ఘుమఘుమలాడేలా తుడిపించి వెళ్లే ఇల్లాళ్లు ఈ ఒక్కసారికి మామూలు నీళ్లతో సరిపెట్టాలి.

ఇంటి చుట్టూ ఏముందన్నది అంతకన్నా పెద్ద సంగతి. పొన్నూరు దాటితే అంతా డెల్టా వరి. చేలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమోడయోలోన్ ఎరలు పెడతారు, మిగిలింది తెచ్చి గొడ్లచావిట్లో అటకెక్కిస్తారు. జింక్ ఫాస్ఫైడ్ గంటల్లో పని చేస్తుంది, దానికి విరుగుడు లేదు. బ్రోమోడయోలోన్ తిన్న కుక్క మాత్రం కొన్ని రోజులు హాయిగా తిరుగుతుంది, తర్వాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. వెంటనే తెలిస్తే విటమిన్ కె1తో బతికించొచ్చు. చచ్చిన ఎలుకను నోట కరుచుకొచ్చినా అనుమానించాల్సిందే. అందుకే వెళ్లేముందు అటక మీది పొట్లాలు తీసేయాలి, తీయలేకపోతే పేరు పుస్తకంలో రాయాలి. డాక్టరు మొదట అడిగేది అదే.

కోతల రోజుల్లో ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి, వాటి వెనక నాగుపాము, రక్తపింజర. కుక్క మనలా అరిచి వెనక్కి తగ్గదు, మూతి ముందుకు పెడుతుంది. పెరట్లో కొబ్బరిమట్టల కుప్ప, ఇటుకల దొంతర ఉంటే ప్రయాణానికి ముందే తీయించేయడం ఉత్తమం. రాత్రి బయటికి వదిలేటప్పుడు లైటు వేయాలి. మూతి వాస్తే కట్లు కట్టడం, కోయడం వంటి వైద్యాలు చేయకుండా బండెక్కించి తీసుకెళ్లాలి. పాములు పట్టేవాళ్ల నంబరు కూడా ఉండాలి.

మోటారు స్విచ్, కుళాయి వదిలే వేళ, ఇన్వర్టర్, గ్యాస్ బుకింగ్ సంగతి ఎవరైనా చెబుతారు. చాలామంది చెప్పకుండా వెళ్లేది ఏసీ గురించి. మంచుదేశపు హస్కీని, మూతి అణిగిన పగ్‌ను కొని రోహిణి కార్తెలో పొన్నూరులో పెంచడం మన స్వేచ్ఛ. దాని కరెంటు బిల్లు సిట్టర్ కంగారు కాకూడదు. ‘ఏసీ వేసుకో’ అంటే అతను వేయడు. పగలు పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా ఆ గదిలో నడుస్తూ ఉండాలి, బిల్లు మేమే ఆన్‌లైన్‌లో కడతాం అని రాసి పెడితే వేస్తాడు. నడక పొద్దెక్కకముందు, పొద్దు వాలాక. సీసీ రోడ్డు మీద అరచేయి వెనకవైపు ఆనించి కాసేపు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉండలేవు. వగర్పు ఆగకుండా, చిగుళ్లు ముదురు ఎరుపై, తూలుతుంటే ముందు ఒళ్లంతా చల్లనీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టాలి, ఆ తర్వాత డాక్టరు.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వడదెబ్బ తగిలేది మధ్యాహ్నం మూడింటికి. వేసవిలో అప్పుడు డాలస్‌లో తెల్లవారుజామున నాలుగున్నర. రాత్రంతా మనవడు ఏడిస్తే ఎత్తుకుని తిరిగి, అప్పుడే కన్నంటిన అమ్మమ్మ ఫోను సైలెంట్‌లో ఉంటుంది. సిట్టర్ రెండుసార్లు చేస్తాడు, వాట్సాప్‌లో పెడతాడు, జవాబు కోసం కూర్చుంటాడు. వాళ్లను అడక్కుండా సూదేయిస్తే ఏమంటారో, ఖర్చు ఎక్కువైతే ఏమనుకుంటారో. కుక్క అలా పోతుంది, అతనికి తెలివి తక్కువై కాదు. కాబట్టి తాళాలతో పాటు ఇవ్వాల్సింది నిర్ణయం. ఫలానా మొత్తం దాకా మమ్మల్ని అడగనక్కర్లేదు, ముందు తీసుకెళ్లు, తర్వాత చెప్పు అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అందులో ఒక కాపీ మీరు చూపించే డాక్టరుకే ఇవ్వండి. ఊళ్లోనే ఉండే ఇంకొక పెద్దమనిషి పేరు రాయండి. పశుసంవర్ధక శాఖ సంచార వాహనాలకు 1962 నంబరు ఉంది, అదీ రాయండి. వయసైపోయిన కుక్కయితే మరొక మాట కూడా ముందే చెప్పుకోవాలి. బతికే ఆశ లేదు, బాధపడుతోంది అని డాక్టరు అంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నను ఇరవై రెండేళ్ల కుర్రాడి నెత్తిన ఒంటరిగా పెట్టి వెళ్లడం న్యాయం కాదు.

సీసీ కెమెరా ఉంటే ఎక్కడెక్కడుందో అతనికి చూపించాలి. అతను పడుకునే గదిలోది తీసేయాలి. అమెరికా నుంచి మన ఇంటి హాలు చూస్తూ ‘సోఫా మీద కాళ్లు పెట్టాడు’ అని మండిపడడానికి చాలా ఖాళీ ఉంటుంది. కుక్కను చూడండి, అతన్ని వదిలేయండి.

చేపల తొట్టి ఉన్నవాళ్లు ఏ రోజు తిండి ఆ రోజుకు పొట్లం కట్టి పెడితే చాలు. చేపలు సాధారణంగా పోయేది ఆకలితో కాదు, ప్రేమతో. పంజరంలో రామచిలుక ఉందా? అయితే సిట్టర్ కన్నా ముందు చట్టం గురించి ఆలోచించాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన రామచిలుకను పెంచడమే నేరం, నక్షత్ర తాబేలుదీ అదే కథ. ఇక, ఎవరూ దొరకలేదని కుక్కను కారులో తీసుకెళ్లి సూర్యలంక రోడ్డులో దింపి వచ్చే ఆలోచన ఎవరికైనా వస్తే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ అలా ఆకలికి, దాహానికి వదిలేయడాన్ని నేరమంది. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. చట్టం పుట్టిన ఏడాదిలో ఆ డబ్బుకు విలువ ఉండేది.

బయల్దేరే రోజు దాని మెడ పట్టుకుని ఏడవకండి. సూట్‌కేసులు చూసి అది ముందే కలవరపడి ఉంటుంది. సిట్టర్ దాన్ని నడకకు తీసుకెళ్లిన వేళ చూసుకుని కారెక్కడం మేలు. వాడిన దుప్పటో పాత చీరో ఉతకకుండా దాని పడకలో వదలండి, మీ వాసన దానికి తోడు.

తిరిగొచ్చినప్పుడు అది మీ మీదికి ఎగిరి గంతులేసి, ఆ తర్వాత వెళ్లి అతని కాళ్ల దగ్గర పడుకోవచ్చు. ఆరు నెలలు అన్నం పెట్టినవాడు. అతన్ని ఆ సాయంత్రమే పంపేయకుండా మూడు నాలుగు రోజులు ఉంచి, పుస్తకంలో అతను ఏం కొట్టేశాడో, ఏం చేర్చాడో చదవండి. పెరుగన్నం రెండు పూటల నుంచి ఒక పూటకు దించి ఉంటాడు, రాత్రి గుడ్డు మొదలుపెట్టి ఉంటాడు. కుక్క ఒళ్లు తగ్గి చురుగ్గా కనిపిస్తే అదే కొనసాగించండి. కవరులో మిగిలిన డబ్బు లెక్క చెప్పబోతే వద్దనండి.