పాలపండ్లు



సంస్కృతమున పంటికి ద్విజమని పేరు. పాలపన్నుగా ఒకమారు పుట్టి, రాలి, మరల పుట్టును గనుక ఆ పేరు తగియున్నది. ఆ మొదటి పుట్టుకను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

బిడ్డ బోసినోటితో పుట్టినను, పాలపండ్ల మొలకలు తల్లిగర్భమందే దవడలలో ఏర్పడియుండును. సాధారణముగా 6వ మాసము మొదలు 10వ మాసములోపల క్రింది చిగుళ్ల నడుమ రెండు పండ్లు పొడచూపును. పిమ్మట పైనడిమి రెండును, వాని ప్రక్కవియు, ఏడాది దాటిన తరువాత మొదటి దవడపండ్లును, పిదప కోరలును, తుదకు కడపటి దవడపండ్లును వచ్చును. మూడేండ్లు నిండునప్పటికి పైన 10, క్రింద 10, మొత్తము 20 పండ్లు పూర్తియగును. కొన్ని నెలలు ఇటునటైనను భయము లేదు. ఏడాదిన్నర నిండినను ఒక్కటియు రానిచో వైద్యునికి చూపవలెను.

పైపన్ను ముందు మొలచిన మేనమామకు గండమని మనవారందురు. ఆ పంటికిని మేనమామ ఆయువునకును సంబంధమే లేదు. ఆ మాట విని తల్లి కుములుటయే అందలి కీడు.

ఇక ముఖ్యవిషయము. దంతోద్భేదము సర్వరోగములకును కారణమని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున చెప్పిరి. నేనును చిరకాలము అట్లే నమ్మితిని. పండ్లు వచ్చునపుడు చొంగ కారును, చిగుళ్లు వాచును, బిడ్డ చిరాకుపడును, ఒడలు కొంచెము వెచ్చబడవచ్చును. తీవ్రజ్వరమును నీళ్ల విరేచనములును పంటివలన రావని నేటి వైద్యశాస్త్రము తేల్చినది. మరి రెండును ఒకే కాలమున నేల కనబడును? ఆ వయస్సుననే తల్లినుండి సంక్రమించిన రోగనిరోధశక్తి తగ్గును, పైయాహారము మొదలగును, బిడ్డ ప్రాకుచు చేతికందినదెల్ల నోట బెట్టుకొనును. తప్పు మురికిది, నింద పంటికి!

"పండ్ల విరేచనములే, అవే కట్టును" అని ఊరకున్నచో, ఒంటినీరు హరించి పసిప్రాణము మీదికి వచ్చును. అట్టియెడ తల్లిపాలు మానరాదు. ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లముపై వ్రాసినంత మంచినీట కలిపి, కొంచెము కొంచెముగా పట్టవలెను. కన్నులు గుంటపడినను, మూత్రము తగ్గినను, బిడ్డ పాలు త్రాగకున్నను తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. చిగుళ్ల దురదకు కడిగిన వ్రేలితో మెల్లగా రుద్దిన చాలును. ఏడాది నిండనిదే తేనె రాయరాదు.

అయ్యలారా! ఇంట పెద్దల మాటకు చెల్లుబడి కలదు. రేపు మనుమనికి విరేచనములైనపుడు "వైద్యునికి చూపుడు" అను మాట మొదట మీ నోటనే రావలెనని ప్రార్థించుచున్నాను.