అతుకు ఎక్కడ ఆగాలి?

మా నాన్న రైల్వే గార్డుగా రిటైరయ్యారు. ఆయన కోసం ఒక బుల్లి రైలు పెట్టె చేద్దామనుకున్నాను. అసలు ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె పొడవు 21 మీటర్ల పైచిలుకు. 1:87 నిష్పత్తిలో నా బల్ల మీద 24.5 సెంటీమీటర్లు. నేను కొన్నది ఇటుక రంగు మామూలు పెట్టె. దాని చివర రెండు కిటికీలు పూడ్చి, గార్డు తలుపు కోశాను. కోత ఒక్క సాయంత్రంలో అయిపోయింది. రంగు కలవడానికి నాలుగు వారాలు పట్టింది.

మోడల్స్‌ను మార్చేవాళ్లందరినీ ఏడిపించేది ఈ రంగే. పూడ్చిన పుట్టీని వరసగా 400, 800, 1200 నంబరు వాటర్ పేపర్లతో రుద్దాను. గోరు ఎక్కడా తట్టకుండా జారాలి. వేళ్ల జిడ్డు పోయేలా సబ్బునీళ్లతో కడిగి, ఆరాక పల్చగా ప్రైమర్ వేశాను. అది లేకపోతే పుట్టీ రంగును పీల్చేసుకుని మచ్చలా కనబడుతుంది.

రాత్రి ట్యూబ్‌లైటు కింద ఇటుక రంగు కలిపి పూశాను. అచ్చం కలిసిపోయింది. తెల్లారి చూస్తే పూడ్చిన చోట నల్లగా, ఎండిన నెత్తుటి మరకలా ఉంది. యాక్రిలిక్ రంగులో ఉండే జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది. ఆరితే తేటపడి రంగు ముదురుతుంది. అప్పటినుంచి ప్రతి మిశ్రమాన్నీ ముందు ప్లాస్టిక్ చెంచా మీద పూసి, ఆరనిచ్చి, పగటి వెలుగులో పెట్టె పక్కన పెట్టి చూస్తున్నాను.

అయినా తొమ్మిదో చెంచాకు కూడా వెంట్రుకవాసి తేడా మిగిలింది. అప్పుడు తెలిసింది: కంటికి దొరికేది రంగులో తేడా కాదు, ఆ తేడా మొదలయ్యే గీత. గోడ మధ్యలో కుంచె ఆపితే ఆ గీత అక్కడే పడుతుంది. అందుకే మచ్చ వరకే కాకుండా తలుపు చట్రం నుంచి పెట్టె మూల దాకా, చూరు నుంచి అడుగు అంచు దాకా మొత్తం రెండు పల్చటి పూతలు వేశాను. కొత్త రంగు ఆగే ప్రతిచోటా పెట్టెకు సహజంగా ఒక అంచు ఉంది. చివరగా పెట్టె అంతటికీ మ్యాట్ వార్నిష్ కొట్టాను. పాత రంగు మెరుపు, కొత్త రంగు మెరుపు ఒకటయ్యాయి.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని పెట్టెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. అటూ ఇటూ తిప్పి, పూడ్చిన కిటికీల మీద వేలు పోనిచ్చారు. వేలు ఎక్కడా ఆగలేదు. వెనక్కి తిప్పి అడిగారు:

“ఆఖరి పెట్టె కదరా, ఎల్‌వీ బోర్డు ఏది?”