హాజరు పలికే కంప్యూటర్లు

తమ్ముళ్లారా, రాత్రి స్టడీ అవర్‌లో వార్డెన్ గారు పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అంటాం. ఎవరూ పిలవకుండానే కంప్యూటర్లు హాజరు పలికే ఏర్పాటు యూనిక్స్‌లో 1983 నాటి 4.2 బీఎస్‌డీ నుంచీ ఉంది. ఆర్‌హూడీ అనే చిన్న ప్రోగ్రాం కొన్ని నిమిషాలకోసారి, ఈ యంత్రం ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో, దానిమీద ఎంత పని ఉందో నెట్‌వర్క్ అంతటా చాటుతుంది. మనం కూర్చున్నచోటే 'ఆర్‌అప్‌టైమ్' అని కొడితే అన్నీ పట్టికగా వస్తాయి.

చివరి 3 అంకెలు లోడ్. గడచిన 1, 5, 15 నిమిషాల సగటు. 4 అని కనబడగానే కంగారు పడనక్కరలేదు. మెస్‌లో నలుగురు వడ్డిస్తుంటే నలుగురు పిల్లలు నిలబడటం రద్దీ కాదు. వడ్డించేది ఒక్కరే అయితే ముగ్గురు ప్లేట్లు పట్టుకుని ఆగాల్సిందే. కాబట్టి ముందు ప్రాసెసర్లు ఎన్నో చూడాలి.

11 నిమిషాలు కబురు లేకపోతే 'డౌన్' అని పడుతుంది. కేబుల్ ఊడినా, ఆ చిన్న ప్రోగ్రాం ఒక్కటే ఆగినా అదే మాట! లోపల ఎవరి పనో సగంలో ఉండవచ్చు. స్విచ్ నొక్కేముందు పింగ్ చేసి చూడండి.

ఈ చాటింపు మామూలుగా రూటర్ దాటదు. 2002లో హెచ్‌పీ కుప్పంలో మొదలుపెట్టిన ఐ-కమ్యూనిటీలో లాగా కేంద్రాలు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఇది చాలదు. సదుం నుంచి కుప్పం యంత్రాన్ని చూడాలంటే, అనుమతి ఉన్నవారు ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి 'అప్‌టైమ్' అని అడగాలి.